ముగ్గు పోయకముందే తేలాల్సిన సంగతులు

మా గుంటూరు ఇంట్లో పై అంతస్తులో పడమటి గది ఒకటుంది. మే నెలలో రాత్రి పదకొండు దాటాక ఆ గది గోడ మీద చెయ్యి పెడితే జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు తాకినట్టు ఉంటుంది. బయట గాలి కాస్త చల్లబడుతుంది, కిందింట్లో ఫ్యాన్ కింద పడుకోవచ్చు, ఆ గది మాత్రం తెల్లవారుజాము దాకా కాగుతూనే ఉంటుంది. ఇందులో వింతేమీ లేదు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలోంచి వేడి ఇవతలికి రావడానికి ఏడెనిమిది గంటలు పడుతుంది, అంటే మధ్యాహ్నం మూడు నాలుగింటికి గోడ తాగిన ఎండ సరిగ్గా మనం పడుకునే వేళకి గదిలోకి దిగుతుందన్నమాట. పైన స్లాబుదీ ఇదే కథ. అమ్మా నాన్నా ఆ గదిలో నాలుగు వేసవులు పడుకున్నారు. తర్వాత మంచం కిందికి దించేశారు.

ఆ ఇల్లు 2012లో కట్టాం. ప్లాన్ ఒక్క ఆదివారం సాయంత్రంలో అయిపోయింది. ప్లాన్లు గీసే ఆయన వచ్చి స్థలం కొలతలు రాసుకున్నారు, ఎన్ని బెడ్‌రూములు అని అడిగారు, ఫేసింగ్ అడిగారు, వాస్తు ప్రకారం గదులు సర్దేసి మూడో రోజుకి కాగితం చేతికిచ్చారు. నాన్న పూజగది జరిపించారు, అమ్మ వంటింటి గట్టు పొడవు పెంచమంది. అంతే. ఎండ ఏ గది మీద ఎన్ని గంటలు పడుతుంది, సాయంత్రం గాలి ఎటునుంచి వస్తుంది, ఏసీ పెడితే దాని బయటి యూనిట్ ఎక్కడ పెడతాం, ఈ మాటలు ఆ రోజు ఆ గదిలో ఎవరి నోటా రాలేదు. నా నోటా రాలేదు, అప్పటికి నాకు ఉద్యోగంలో రెండేళ్ల అనుభవం ఉంది, అదీ ఈ పనిలోనే. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నా పని బిల్డింగులకి ఏసీ ఎంత కావాలో లెక్క వేయడం. హీట్ లోడ్ అంటాం. గోడల విస్తీర్ణం, అవి దేంతో కట్టారు, కిటికీ అద్దం ఎంత, ఏ దిక్కుకి, పైకప్పు మీద ఏముంది, లోపల ఎంతమంది, ఎన్ని లైట్లు, ఇవన్నీ ఒక షీట్‌లో పెట్టి ఇన్ని టన్నులు అని తేల్చాలి. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది గానీ మా చేతికి డ్రాయింగులు వచ్చేసరికి అన్నీ అయిపోయి ఉంటాయి. అద్దం ఎంత పెట్టాలో ఎలివేషన్ కోసం ఎప్పుడో నిర్ణయించేసి ఉంటారు, స్లాబు మందం, బీముల లోతు స్ట్రక్చరల్ ఇంజనీర్ ఖాయం చేసేసి ఉంటారు, కొన్నిసార్లు కింద పునాదులు కూడా పడిపోయి ఉంటాయి. మేం చేయగలిగింది వచ్చిన వేడినంతా తోడిపోసే మెషీన్ సైజు చెప్పడం. "పడమర వైపు ఇంత అద్దం ఎందుకు" అని ఈమెయిల్ పెడితే "ఆ స్టేజ్ దాటిపోయింది" అని జవాబొస్తుంది. ఇన్నేళ్లలో ఆ జవాబు ఎన్నిసార్లు చదివానో.

భవన నిర్మాణంలో ఉన్నవాళ్లకి మెక్‌లీమీ కర్వ్ అని ఒక గీత తెలుసు, పాట్రిక్ మెక్‌లీమీ అనే అమెరికన్ ఆర్కిటెక్ట్ ప్రచారంలోకి తెచ్చింది. మొదటి రోజుల్లో ఒక మార్పు వల్ల వచ్చే ఫలితం ఎక్కువ, దానికయ్యే ఖర్చు తక్కువ, రోజులు గడిచేకొద్దీ రెండూ తలకిందులవుతాయి అని చూపిస్తుంది. ఇంటి విషయంలో దీన్ని తేలిగ్గా చెప్పొచ్చు. కిటికీని పడమటి గోడ మీంచి దక్షిణం గోడకి జరపాలంటే ప్లాన్ కాగితం మీద రబ్బరు చాలు. గోడ లేచాక ఒక మేస్త్రి, ఇద్దరు కూలీలు, రెండు రోజుల పని. ఇంట్లోకి దిగాక ఇక ఎవరూ జరపరు, మందపాటి కర్టెన్ కొంటారు. ఆ కర్టెన్ వల్ల లాభం కూడా తక్కువే, ఎందుకంటే ఎండ అద్దం దాటి అప్పటికే లోపలికి వచ్చేసింది.

ముందే కూర్చుని ఆలోచిస్తే ఏమవుతుందో చూడటానికి ఎక్కడికో పోనక్కర్లేదు. హైదరాబాద్ శివారు పోచారంలో ఇన్ఫోసిస్ వాళ్లు 2011లో ఒక ఆఫీసు బిల్డింగ్ పూర్తి చేశారు. దాన్ని అద్దంలో బొమ్మలా రెండు సమాన భాగాలుగా కట్టి, ఒక సగంలో మామూలు పద్ధతిలో గాలితో చల్లబరిచే ఏసీ, రెండో సగంలో స్లాబులోనే పైపులు పరిచి వాటిలో చల్లటి నీళ్లు తిప్పే పద్ధతి పెట్టారు, దీన్ని రేడియంట్ కూలింగ్ అంటారు. మామూలు పద్ధతి అన్న సగం కూడా బాగా మెరుగుపరిచిందే, కావాలని నాసిరకంగా పెట్టింది కాదు. రెండేళ్ల కొలతల్లో రేడియంట్ సగం 34 శాతం తక్కువ కరెంటు వాడింది, కట్టడానికి అయిన ఖర్చు కూడా మామూలు సగం కన్నా ఎక్కువ కాలేదు. మా రంగంలో ఈ లెక్క బాగా పేరుపడింది.

నన్ను ఆకట్టుకున్నది ఆ 34 శాతం కన్నా దాని వెనకున్న వరస. పైపులు స్లాబు లోపల ఉండాలంటే కాంక్రీటు పోయకముందే ఆ మాట తేలాలి, అది ఒకటి. చల్లటి స్లాబు తీయగలిగే వేడికి ఒక హద్దుంది, ఇష్టమొచ్చినంత అద్దం పెట్టుకుని ఆ పద్ధతి పెడితే చాలదు, అది రెండు. కాబట్టి కిటికీల సైజు, వాటికి నీడ, గోడకీ పైకప్పుకీ ఇన్సులేషన్, ఇవి ముందు కట్టుదిట్టం చేసుకుంటేనే ఆ ఏసీ పద్ధతి పనిచేస్తుంది. అంటే ఆర్కిటెక్టూ, స్ట్రక్చరల్ ఇంజనీరూ, మాలాంటి ఏసీ వాళ్లూ మొదటి రోజే ఒకే టేబుల్ దగ్గర కూర్చుని ఉండాలి. ఎవరి వాటా కాగితాలు వాళ్లు గీసి తర్వాతివాళ్లకి పంపించే పద్ధతిలో ఇలాంటి బిల్డింగ్ పుట్టదు.

అంతకుముందుదే ఇంకొకటి, మాదాపూర్ దగ్గర ఉన్న సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2003లో అమెరికా బయట, పర్యావరణానికి మేలైన భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్ అందుకున్న మొదటి బిల్డింగ్ అది, 2004 జూలైలో అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు. ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్. కాలేజీ రోజుల్లో మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లారు. గుండ్రటి ఆకారం, మధ్యలో ఆరుబయలు, జాలీ గోడలు, పైన పచ్చిక, రెండు గాలి గోపురాలు. ఆ గోపురాల్లోంచి దిగే గాలి ఏసీ మెషీన్‌కి చేరేలోపే కొంత చల్లబడుతుంది. మధ్యలో ఖాళీ వదిలిన ఆకారం చూడగానే మా అమ్మమ్మగారి ఊళ్లో మండువా ఇల్లు గుర్తొచ్చింది నాకు. గాలి గోపురాన్ని గృహప్రవేశం అయ్యాక తెచ్చి తగిలించలేం కదా, మండువానీ అంతే, మొదటి గీతలోనే ఉండాలి.

ఇవి పెద్ద సంస్థల కథలు, మన రెండొందల గజాల ఇంటికి ఏం పనికొస్తాయి అంటారేమో. సరిగ్గా ఇక్కడే నాకు ఆవేదన. పెద్ద బిల్డింగులని అడిగేవాళ్లు ఎవరో ఒకరున్నారు. వాణిజ్య భవనాలకి 2007లో ఈసీబీసీ అనే ఇంధన పొదుపు కోడ్ వచ్చింది, 2017లో దాన్ని సవరించారు. ఇళ్లకి 2018లో ఎకో నివాస్ సంహిత వచ్చింది, కానీ అది 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టేవాటి కోసం. అంటే దాదాపు ఆరొందల గజాలు. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ (ఎండని తిప్పికొట్టే పైకప్పు) పాలసీ కూడా ఇళ్ల విషయంలో ఆరొందల గజాలు దాటిన వాటికే తప్పనిసరి అంది. మనలో ఎక్కువమంది కట్టుకునేది నూటయాభై, రెండొందల గజాల్లో. అక్కడ పైకప్పు ఎంత వేడెక్కుతుంది అని ఏ ఆఫీసూ అడగదు, ప్లాన్ అప్రూవల్‌లో చూసేది సెట్‌బ్యాకులూ ఎత్తూ రోడ్డు వెడల్పూ. అడగాల్సింది మనమే, అదీ ముగ్గు పోయకముందే.

మా అక్కావాళ్లు 2022లో హైదరాబాద్ ఔటర్ అవతల రెండొందల గజాల ప్లాట్‌లో ఇల్లు మొదలుపెట్టారు. పడమర ఫేసింగ్. ధర కాస్త తక్కువకి వచ్చిందని తీసుకున్నారు. ఈసారి నేను ఊరుకోలేదు. ప్లాన్ గీయకముందే ఒక రోజు అందరం కూర్చుందాం అని పట్టుబట్టాను: ఆర్కిటెక్టు, స్లాబూ కాలమ్‌లూ డిజైన్ చేసే ఇంజనీరు, మేస్త్రి, ఎలక్ట్రీషియన్, అక్కావాళ్లు నమ్మే వాస్తు ఆయన. "ఇప్పుడే అన్నీ ఎందుకు మేడం, గోడలు లేచాక చూసుకుందాం" అన్నాడు మేస్త్రి. ఆయన తప్పేమీ లేదు, ముప్పై ఏళ్లుగా అన్ని ఇళ్లూ అలాగే కట్టాడు. ఆర్కిటెక్టు మాత్రం సంతోషించారు. ఆ ఒక్క రోజు నాలుగు గంటలు కూర్చున్నాం, వారం తర్వాత ఇంకోసారి కూర్చున్నాం. ఇంటి మొత్తం పనిలో అంత చవగ్గా జరిగిన పని మరొకటి లేదు.

మొదట సూర్యుడి సంగతి మాట్లాడుకున్నాం. మన దగ్గర దక్షిణం అంటే భయం, దక్షిణం వేడి అంటారు. లెక్క చూస్తే వేరేగా ఉంటుంది. హైదరాబాద్ ఉన్న అక్షాంశానికి మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువుగా పెట్టిన కర్రకి నీడే ఉండదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నం సూర్యుడు మనకి కొంచెం ఉత్తరంగానే ఉంటాడు, ఉదయించేదీ అస్తమించేదీ కూడా తూర్పు పడమరలకి ఉత్తరంగానే. కాబట్టి మే నడిమి నుంచి జూలై చివరి దాకా దక్షిణం గోడకి నేరుగా ఎండే తగలదు. చలికాలంలో తగులుతుంది, అప్పుడు తగిలితే మంచిదే. మార్చి, సెప్టెంబర్లలో మధ్యాహ్నం ఎండకి దక్షిణపు కిటికీ మీద రెండడుగుల సన్‌షేడ్ వేస్తే నాలుగడుగుల కిటికీ మొత్తం నీడలో ఉంటుంది. పడమరకి ఆ లెక్క పారదు. మేలో సాయంత్రం నాలుగున్నరకి పొద్దు కిందికి వాలి ఉంటుంది, అదే రెండడుగుల సన్‌షేడ్ కింద కిటికీకి దక్కే నీడ సుమారు ఒక అడుగు. మిగతా అంతా ఎండే. అంటే దక్షిణం మనకి మంచి దిక్కు, పడమర కష్టమైన దిక్కు, అన్నిటికన్నా ఎక్కువ ఎండ తినేది పైకప్పు. ఈ మూడు మాటలు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి టేబుల్ మధ్యలో పెట్టాను.

గొడవ బావతో వచ్చింది. ఎలివేషన్ కోసం ముందు వైపు రెండంతస్తుల ఎత్తున అద్దం కావాలన్నారు బావ. ఇంటర్నెట్లో చూసిన బొమ్మలన్నీ ఫోన్లో దాచుకున్నారు, నిజంగా అందంగానే ఉన్నాయి. కానీ ఆ ముందు వైపు పడమర. అక్కడే పెన్ను తీసుకుని లెక్క వేశాం: మే సాయంత్రం పడమటి గోడ మీద చదరపు మీటరుకి ఆరొందల వాట్ల దాకా ఎండ పడుతుంది, వంద చదరపు అడుగుల మామూలు అద్దంలోంచి అందులో ఐదింట నాలుగు వంతులు లోపలికి వస్తుంది, అంటే నాలుగు కిలోవాట్ల పైచిలుకు. ఒక టన్ను ఏసీ తోడేది మూడున్నర కిలోవాట్లు. హాల్లో మనుషులు లేకపోయినా, టీవీ వేయకపోయినా, కేవలం ఆ అద్దం కోసం ఒక టన్ను పైన ఏసీ నడవాలి, ప్రతి సాయంత్రం. బావ కాసేపు మాట్లాడలేదు. "మరి ముందు వైపు బోసిగా ఉంటే ఎలా" అన్నారు. న్యాయమైన ప్రశ్నే, కొత్త ఇల్లు చూడముచ్చటగా ఉండాలనుకోవడం తప్పు కాదు. ఆర్కిటెక్టు అక్కడే స్కెచ్ వేసి చూపించారు: అద్దం బదులు ఐదడుగుల లోతు వరండా, దాని అంచున టెర్రకోట జాలీ, మొదటి అంతస్తులో బాల్కనీకీ అదే. లోపలి గోడ నీడలో పడిపోయింది. సాయంత్రం జాలీలోంచి నేల మీద పడే వెలుగుచుక్కలు చూసి ఇప్పుడు వచ్చినవాళ్లంతా ఫొటోలు తీసుకుంటున్నారు, బావే దగ్గరుండి చూపిస్తారు.

వాస్తు దగ్గర చిక్కు ఇంకో రకం. యజమాని పడకగది నైరుతిలో ఉండాలి అంటారు, అంటే దక్షిణం పడమర కలిసే మూల, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎండ తినే మూల. దీన్ని కాదని అక్కని ఒప్పించే ఉద్దేశం నాకు లేదు, ఆమె నమ్మకం ఆమెది, ఆ ఇంట్లో నిద్రపోవాల్సింది ఆమె. కాబట్టి గది అక్కడే ఉంచి, దాని పడమటి గోడ పొడవునా బట్టల అలమరాలు పెట్టాం, కిటికీని దక్షిణానికి తిప్పాం, పడమరకి కిటికీయే లేదు. ఇక మెట్లని ఇంటి పడమటి భాగంలోనే ఉత్తరం వైపుకి పెట్టాం, మెట్ల గది వేడెక్కితే ఎవరికీ నష్టం లేదు, దాని వెనక గది చల్లగా ఉంటుంది. నీళ్ల ట్యాంకు కూడా నైరుతిలో ఉండాలని మొదట అనుకున్నారు. అప్పుడు సోలార్ సంగతి ఎత్తాను: ప్యానెళ్లు దక్షిణం వైపుకి వాల్చి పెట్టాలి, నైరుతిలో ఎత్తుగా ట్యాంకు ఉంటే చలికాలం మధ్యాహ్నాలు దాని నీడ వాటి మీదే పడుతుంది. వాస్తు ఆయన ఆలోచించి, పడమర కూడా ట్యాంకుకి పనికొస్తుంది, మెట్ల గది మీద పెట్టుకోండి అన్నారు. రెండు నిమిషాల్లో తేలిపోయింది. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక మూడు కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టుకుంటే డెబ్బై ఎనిమిది వేల సబ్సిడీ అందింది, పైన ఎక్కడా నీడ లేకుండా జాగా సిద్ధంగా ఉంది. పక్క వీధిలో ఒకాయన తన ట్యాంకు నీడని తప్పించడానికి ప్యానెళ్లకి ఎనిమిదడుగుల ఇనప స్టాండు చేయించుకోవాల్సి వచ్చింది.

పైకప్పు దగ్గర అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ఒట్టి కాంక్రీటు స్లాబు వేడిని దాదాపు అడ్డమే లేనట్టు లోపలికి వదులుతుంది. వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంకెని యూ-విలువ అంటాం. 2018 ఎకో నివాస్ సంహిత పైకప్పు యూ-విలువకి పెట్టిన హద్దు 1.2 అయితే ఒట్టి స్లాబు విలువ మూడు దాటి ఉంటుంది, ఈ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. స్లాబు మీద 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ అనే గట్టి ఫోమ్ షీట్లు, దాని మీద వాటం చేసిన కాంక్రీటు, ఆపైన తెల్ల చైనా మొజాయిక్ వేస్తే ఆ విలువ అర దగ్గరికి వస్తుంది. సరే, వేద్దాం అనుకుంటే చాలదు. ఈ పొరలన్నీ కలిసి ఐదారు అంగుళాల మందం అవుతాయి. అంటే మెట్ల గది గుమ్మం అంత ఎత్తు లేవాలి, లేకపోతే వాన నీళ్లు లోపలికి వస్తాయి. గుమ్మం లేస్తే ఆఖరి మెట్ల వరసలో ఎత్తు మారుతుంది. పిట్టగోడ అంత ఎత్తుకి కట్టాలి, లేకపోతే పిల్లలకి ప్రమాదం. వాన నీళ్ల పైపు మూతి ఏ మట్టానికి పెట్టాలో మారుతుంది. స్లాబు మోయాల్సిన బరువు మారుతుంది. ఇల్లు పూర్తయ్యాక ఈ పని చేయబోతే ఇన్ని చోట్ల తగులుతుంది, అందుకే చాలామంది తెల్ల పెయింటు దగ్గర ఆగిపోతారు. పెయింటు మంచిదే, ఉన్న ఇళ్లకి అదే చవకైన మందు, కానీ రెండు మూడేళ్లకి దుమ్ము పట్టి మాసిపోతుంది, మళ్లీ వేయాలి. మేం మొదటి రోజే ఆరంగుళాలు అని చెప్పాం కాబట్టి మెట్ల లెక్క ఆ ప్రకారమే వచ్చింది, అదనపు ఖర్చు షీట్లకీ మొజాయిక్‌కీ మాత్రమే అయింది.

గోడల సంగతి. ఏఏసీ బ్లాకులు, అంటే లోపల గాలి బుడగలున్న తేలికపాటి కాంక్రీటు దిమ్మెలు, ఎర్ర ఇటుక కన్నా వేడిని బాగా ఆపుతాయి, బరువు ఇటుకలో సుమారు మూడో వంతు. ఈ మాట స్ట్రక్చరల్ ఇంజనీరుకి ముందే చెబితే ఆయన ఆ తక్కువ బరువుకి తగ్గట్టు బీములూ పునాదులూ డిజైన్ చేస్తారు, ఇనుములో కొంత మిగులుతుంది, ఆ మిగిలిందాంట్లో పైకప్పు షీట్ల ఖర్చు కొంత వెళ్లిపోతుంది. పునాది పడ్డాక చెబితే గోడ చల్లగా ఉంటుంది గానీ ఇనుము అప్పటికే భూమిలో ఉంది. ఈ బ్లాకులకి ఇబ్బందులూ ఉన్నాయి, దాచడం ఎందుకు. కాలమ్ కలిసే చోట చికెన్ మెష్ అనే సన్నటి తీగ వల కొట్టకుండా ప్లాస్టరింగ్ చేస్తే పగుళ్లు వస్తాయి, బరువైనవి తగిలించడానికి మామూలు మేకు నిలవదు. అక్క వంటింట్లో గోడ అలమరాలు ఎక్కడొస్తాయో ముందే గుర్తులు పెట్టుకుని ఆ వరసలో గట్టి ఇటుకే పెట్టించాం.

కిటికీల్లో నేను నేర్చుకున్నది గుంటూరు ఇంటి నుంచే. అక్కడ జరిపే అద్దాల కిటికీలు పెట్టాం, ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటాయి. దోమల మెష్ తర్వాత పెట్టుకుందాంలే అనుకున్నాం, ఫ్రేములో దానికి జాగా లేదు. ఫలితంగా చల్లటి గాలి వచ్చే సాయంత్రం ఆరింటికి సరిగ్గా కిటికీలన్నీ మూసేస్తాం, దోమల భయానికి. గాలి కోసం ఎదురెదురుగా కిటికీలు పెట్టిన శ్రమంతా వృథా. అక్క ఇంట్లో పూర్తిగా తెరుచుకునే రెక్కల కిటికీలు, ఫ్రేముతోపాటే మెష్, ప్రతి గదికీ రెండు వేరువేరు గోడల మీద. ఇన్ని టన్నుల లెక్కలు వేసే నేను చెబుతున్నాను, మన ఊళ్లలో సాయంత్రం కిటికీ తెరవగలగడానికి మెష్‌ని మించిన పరికరం లేదు.

ఏసీ లెక్క ఆఖర్న వేశాం, అది ఆఖర్నే వేయాలి. మొదట అక్కావాళ్లకి ఒక షాపులో చెప్పింది పడకగదులు రెండిటికీ ఒకటిన్నర టన్ను చొప్పున, హాలుకి రెండు టన్నులు. షాపువాళ్లు గది కొలత అడిగి చెబుతారు, గోడ ఏంటో కప్పు ఏంటో అడగరు. మా లెక్కలో పడకగదులకి ఒక టన్ను చాలింది, హాలుకి అసలు పెట్టలేదు, పైపులు మాత్రం గోడలో వేసి ఉంచాం, కావాలనుకుంటే పెట్టుకోవచ్చు. ఇప్పటికి రెండు వేసవులు గడిచాయి, పెట్టలేదు. కరెంటు తక్కువ తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేశారు, వాటి గురించి అందరికీ తెలిసిందే.

అన్నీ సరిగ్గా జరగలేదు. ఆగ్నేయం వైపు నుంచి వచ్చే గాలిని నమ్ముకుని పిల్లల గది కిటికీ దక్షిణానికి పెట్టాం, అప్పుడు పక్క ప్లాటు ఖాళీ. ఏడాది తిరక్కుండా అక్కడ మూడంతస్తులు లేచాయి, మా గోడకి నాలుగడుగుల దూరంలో. గాలి ఆగిపోయింది. ఖాళీ ప్లాటు ఖాళీగా ఉండదని నేను ముందే అనుకుని ఉండాల్సింది, దక్షిణం వైపు ఇంకో మూడడుగులు వదలమనో ఆ గదిని తూర్పుకి జరపమనో చెప్పి ఉండాల్సింది. ఇంకోటి, ఒక గదిలో ఏసీ నీళ్లు పోయే పైపుకి వాటం సరిపోలేదు, స్లాబు పోసే రోజు నేను ఊళ్లో లేను, పైపు కోసం వదలాల్సిన కన్నం అరడుగు పక్కకి పోయింది. తర్వాత డ్రిల్ చేశారు.

అక్క ఇల్లు చూసొచ్చాక నాన్న గుంటూరు ఇంటి గురించి అడిగారు, "మనదానికి ఏమన్నా చేయగలమా" అని. కొంత చేయగలం. పోయిన ఫిబ్రవరిలో పైన తెల్ల కూల్ రూఫ్ పూత వేయించాం, స్లాబు కింద తేడా చేతికి తెలుస్తోంది. పడమటి కిటికీ బయట వెదురు తడక కట్టించాం, అద్దం తాకకముందే ఎండని ఆపడానికి. పడమటి గోడ పక్క మూడడుగుల సందులో చెట్టు పెరిగే జాగా లేదు, గోడ మీదికి పాకే తీగ ఏదైనా పెడదామని అమ్మ అంటోంది, ప్రస్తుతానికి రెండు కుండీల్లో రాధామనోహరం తీగ వేసింది. అది మేడ మీదికి అందేసరికి ఇంకో రెండు వేసవులు పట్టొచ్చు. మంచం ఇంకా కిందే ఉంది.